శివారు చేనుకు కార్బన్ లెక్క

మొన్న దాళ్వా రోజుల్లో బాబాయి ఊరికి వెళ్లాను. పశ్చిమ గోదావరిలో కాలువ ఆఖర్న ఉంటుంది ఆ ఊరు. ఇంకాస్త దూరం పోతే ఉప్పునేలలు మొదలవుతాయి. సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే బాబాయి చేలో ఒక ప్లాస్టిక్ గొట్టం పాతి కనిపించింది. అడుగు పొడుగుంటుందేమో. కింది భాగమంతా చిల్లులు, పైభాగం నాలుగు వేళ్లు బురదలోంచి బయటికి. తొంగి చూస్తే అడుగున కాసిని నీళ్లు, ఒక చిన్న కప్ప.

"ఇదేంటి బాబాయ్?"

"కార్బన్ గొట్టంరా. చేలో నీళ్లు నిలబెట్టకుండా ఆరబెడితే డబ్బులిస్తారంట. గాలికి డబ్బులు! మీ హైదరాబాదోళ్ల తెలివే."

నవ్వేశాను గానీ సంగతి నాకు కొత్త కాదు. నా ఉద్యోగమే ఈ గాలి లెక్కల చుట్టూ తిరుగుతుంది. నీళ్లు నిలిచిన చేలో మట్టికి గాలి అందదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ కుళ్లిన చెత్త తిని మీథేన్ వదులుతాయి. అది చాలావరకు వరి దుబ్బుల కాడల్లోంచే పైకొస్తుంది. మధ్యమధ్యలో చేనుని ఆరనిస్తే మీథేన్ తగ్గుతుంది. ఆరుతడి అంటారు దీన్ని. గొట్టంలో నీళ్లు నేలమట్టం కంటే ఆరంగుళాలు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు మళ్లీ పెట్టాలి. అలా తగ్గిన మీథేన్‌ని కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లోకి మార్చి, క్రెడిట్లు అని పేరు పెట్టి ఎక్కడో ఉన్న కంపెనీలకు అమ్ముతారు. అందులో కొంత రైతుకి.

మరి డబ్బులొచ్చాయా అంటే, అక్కడే కథ ఉంది. ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడట. రామాలయం అరుగు మీద మీటింగ్ పెట్టాడు, పాస్‌బుక్కుల జిరాక్సులు తీసుకున్నాడు, గొట్టాలు పాతించాడు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలు అడిగాడు. అందులో ఒకటి: పోయిన మూడేళ్లూ మీ చేలో సీజనంతా నీళ్లు నిలిచి ఉండేవా? బాబాయి ఉన్నమాట చెప్పాడు. "మాకు నీళ్లు నిలిచిందెప్పుడు నాయనా? దాళ్వాలో వంతు. ఒక వంతుకీ ఇంకో వంతుకీ మధ్య నేల నెర్రెలిచ్చేది." కుర్రాడు ఏదో నొక్కాడు, మొహం కాస్త చిన్నబోయింది. మళ్లీ ఫోన్ రాలేదు. లాకుల దగ్గరి ఊళ్లో, కాలువ మొదట్లో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం జాబితాకెక్కాయి. వాళ్ల చేలల్లో ఏడాది పొడుగునా నీళ్లే. తగ్గించడానికి వాళ్ల దగ్గర ఉంది.

ఆ కుర్రాణ్ని తప్పు పట్టడానికి లేదు. ఆ వ్యాపారం సూత్రమే అంత. ముందు ఎంత వదిలేవాడో చూసి, అందులోంచి ఎంత తగ్గించాడో దానికే డబ్బు. ఎప్పుడూ ఎక్కువ వాడుకున్నవాడు కాస్త చెయ్యి బిగిస్తే బహుమానం. చిన్నప్పట్నుంచీ నెర్రెలిచ్చిన చేనుతో కాపురం చేసినవాడికి అర్హత లేదు. ఇందులో అబద్ధపు కొలత ఒక్కటి కూడా లేదు. కొలత ఎక్కడ మొదలెట్టాలన్న దగ్గరే తీర్పు అయిపోయింది.

వాతావరణ విధానాల పరిశోధనలో ఈక్విటీ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. షేర్ మార్కెట్ ఈక్విటీ అనుకునేరు, ఇది వేరు. తెలుగులో సమన్యాయం అని, సమత అని ఏదో ఒకటి రాస్తుంటాం. మా ఊళ్లో దీనికి వంతు అంటే చాలు, చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. నివేదికల్లో అది ఎప్పుడూ చివరి పేజీల్లో ఉంటుంది. సైన్సు అయ్యాక, ఆర్థికం అయ్యాక, "సామాజిక అంశాలు" అని ఒక అధ్యాయం. కూర దింపాక ఉప్పు గుర్తొచ్చినట్టు. పదేళ్లు ఆ నివేదికలు తయారుచేసే చోట పనిచేసి నేను చెప్పేది ఒక్కటే. వంతు ఎవరిదో లెక్క మొదటి గీతలోనే తేలిపోతుంది. చివరి అధ్యాయంలో దాన్ని తేల్చడానికి ఇంకేమీ మిగలదు.

మా బాబాయి గొట్టం సూత్రమే ప్రపంచస్థాయిలో ఎలా ఉందో చూడండి. 1997లో క్యోటోలో కుదిరిన వాతావరణ ఒప్పందంలో ధనిక దేశాలకు పెట్టిన లక్ష్యాలన్నీ 1990లో ఎవరు ఎంత వదిలేవారో అందులోంచి ఇంత శాతం అని లెక్క. అప్పటికి ఎక్కువ వదులుతున్నవాడికి ఎక్కువ కోటా మిగిలినట్టే. 2005లో యూరప్ కార్బన్ మార్కెట్ తెరిచినప్పుడు కంపెనీలకు ఇంత కార్బన్ వదలొచ్చన్న అనుమతి పత్రాలు చాలావరకు ఉచితంగా పంచారు. పాత ఉద్గారాలే దానికి ప్రాతిపదిక. విద్యుత్ కంపెనీలు ఉచితంగా వచ్చిన ఆ పత్రాల విలువని కూడా కరెంటు ధరలో కలిపేసి లాభాలు చేసుకున్నాయి. లాకుల దగ్గరి ఊరికి ఎప్పుడూ ఇబ్బంది లేదు.

ఇక మన వరిచేల కథ. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే, అందుకని కాస్త తీరిగ్గా చెబుతాను.

1990 ప్రాంతంలో వాతావరణ ఒప్పందం కోసం దేశాలు కూర్చోబోతున్నాయి. ఎవరు ఎంత పాపం చేశారో ముందు తేలాలి కదా. వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఒక నివేదిక వేసింది. అందులో గ్రీన్‌హౌస్ వాయువులకు కారణమైన మొదటి 5 దేశాల్లో బ్రెజిల్, చైనా, భారత్ కూడా తేలాయి. కార్లూ ఏసీలూ లేని భారతదేశం అయిదో స్థానానికి ఎలా ఎక్కింది? వరిచేలు, పశువులు. మన చేలనుంచి వచ్చే మీథేన్ ఏడాదికి సుమారు 3.78 కోట్ల టన్నులని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా అప్పట్లో చలామణీలో ఉండేది. ఆ అంకె ఎక్కడిది? యూరప్‌లో, అమెరికాలో కొన్ని వరిచేలల్లో కొలిచారు. ఆ కొలతని తీసుకెళ్లి మన దేశంలో వరి సాగయ్యే మొత్తం విస్తీర్ణంతో గుణించేశారు. మన వరిలో చాలా భాగం వానాధారమని, మెట్ట వరి అనేది ఒకటుందని, నీళ్లు నెలల తరబడి నిలిచే చేలు కొన్నే అని, శివారు చేలు వంతుల మధ్య ఎండుతాయని ఆ గుణకారానికి తెలియదు.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఎ.పి. మిత్ర అనే పెద్ద శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన జీవితమంతా చదివింది పై వాతావరణాన్ని, రేడియో తరంగాలని. 1991లో ఆయన నడిపిన బృందం దేశంలోని వేర్వేరు ప్రాంతాల చేలల్లో కొలతలు తీసింది. పద్ధతి చూడ్డానికి సాదాగానే ఉంటుంది. వరి దుబ్బుల మీద అడుగులేని పెట్టె బోర్లిస్తారు, లోపల పేరుకున్న గాలిని ఇంజెక్షన్ సిరంజితో కొంచెం కొంచెంగా లాగుతారు, అందులో మీథేన్ ఎంతుందో ప్రయోగశాలలో చూస్తారు. బురదలో దిగి చెయ్యాల్సిన పని. తేలిన అంకె ఏడాదికి సుమారు 40 లక్షల టన్నులు. ముందు అంచనాలో దాదాపు తొమ్మిదో వంతు. ఆ తర్వాత వచ్చిన కొలతలు కూడా ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మిత్ర బృందం చేలల్లోకి దిగకపోయి ఉంటే? ఆ 3.78 కోట్ల అంకె మీదే చర్చలు జరిగేవి. ఆ అంకె వేసినవాళ్లకు మన మీద కక్ష ఏమీ లేదు. వాళ్ల దగ్గర ఉన్న కొలతలు వాళ్ల చేలవి, అంతే. అన్యాయం చెయ్యాలంటే దుర్మార్గులే అయి ఉండక్కర్లేదని నాకు ఈ రంగం నేర్పింది.

అదే 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకం వేసి వాషింగ్టన్ నివేదికని దుమ్ముదులిపారు. వాళ్లు పట్టుకున్న పాయింట్లు రెండు. మొదటిది: మనం వదిలే వాయువుల్లో కొంత భాగాన్ని సముద్రాలు, అడవులు పీల్చుకుంటాయి కదా, ఆ పీల్చుకునే శక్తి ఎవరి సొత్తు? వాషింగ్టన్ లెక్కలో ఎక్కువ వదిలినవాడికి అందులో ఎక్కువ భాగం జమ చేశారు. వీళ్లు మనిషికింత అని పంచి చూపించారు, ర్యాంకులు తలకిందులయ్యాయి. రెండోది: అన్నం కోసం వరి పండించే రైతు మీథేన్‌ని, సరదాకి తిరిగే కారు పొగని ఒకే తక్కెడలో వేస్తారా? బతుకుదెరువు ఉద్గారాలు వేరు, భోగాల ఉద్గారాలు వేరు. ఈ రెండో పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాను. అది మనల్ని కూడా కరుస్తుంది.

1992లో రియోలో సంతకాలైన ఒప్పందం మూడో అధికరణం మొదటి పేరాలోనే సమన్యాయం అనే మాట ఉంది, ఉమ్మడి బాధ్యతే అయినా ఎవరి బాధ్యత వారిది అన్న మాటా ఉంది. మాట రాసుకున్నాక లెక్కలు మారాలి కదా. మూడేళ్లకే ఇంకో అంకె బయటపడింది. ఇది కాస్త కడుపులో దేవే వ్యవహారం.

ఐపీసీసీ అంటే వాతావరణ మార్పు మీద పరిశోధనలని సమీక్షించే ఐక్యరాజ్యసమితి సంఘం. దాని రెండో నివేదిక, 1995. వాతావరణ మార్పు వల్ల ప్రపంచానికి ఎంత నష్టమో డబ్బుల్లో కట్టాలి. నష్టంలో చావులు కూడా ఉంటాయి, కాబట్టి చావుకీ ఒక వెల కట్టాలి. ధనిక దేశపు మనిషి ప్రాణానికి 15 లక్షల డాలర్లు వేశారు. పేద దేశపు మనిషికి అందులో పదో వంతు. ఆర్థికశాస్త్రవేత్తల సమర్థన ఏంటంటే, ఇది ప్రాణానికి కట్టిన వెల కాదు, ప్రమాదం తప్పించుకోవడానికి మనిషి ఎంత ఖర్చు పెట్టడానికి సిద్ధపడతాడో దాన్నిబట్టి వచ్చిన అంకె. సరే. కానీ ఖర్చు పెట్టాలంటే ముందు జేబులో ఉండాలి కదా? జేబు తూచి, ప్రాణం తూచామని చెబితే ఎలా? అప్పటి మన పర్యావరణ మంత్రి కమల్‌నాథ్ ఇతర దేశాల ప్రతినిధులకు ఉత్తరం రాసి మరీ అభ్యంతరం చెప్పారు. లండన్‌లో దీనిమీద అందరికంటే గట్టిగా గొడవ చేసినాయన ఆబ్రే మేయర్, వయోలా వాయించే సంగీతకారుడు. లెక్కల పంతుళ్లకి కనపడని అపశ్రుతి ఆయన చెవికి తగిలిందేమో. చివరికి విధానకర్తల కోసం రాసే సారాంశంలో ప్రభుత్వాలు ఆ అంకెలకు దూరం జరిగాయి. అధ్యాయం రాసినవాళ్లు మాత్రం తమ లెక్క మార్చలేదు.

వడ్డీ లెక్కలో కూడా ఇదే తంతు. వందేళ్ల తర్వాత జరిగే లక్ష రూపాయల నష్టం ఇవాళ ఎంతతో సమానం? 2006లో బ్రిటన్ ఆర్థికవేత్త నికోలస్ స్టెర్న్ వాడిన 1.4 శాతంతో లెక్కేస్తే దాదాపు 25 వేలు. 5.5 శాతంతో వేస్తే 500 కూడా రాదు. వందేళ్ల తర్వాత మా బాబాయి ఊరు ఉంటుందా, సముద్రం లోపలికి పోతుందా అన్నదానికి ఇవాళ ఎంత ఖర్చు పెట్టొచ్చో ఆ ఒక్క శాతమే చెప్పేస్తుంది. దాన్ని ఎంచుకునేవాడు ఏ ఊరివాడో మీరే ఊహించుకోండి.

ఇవి పాత గొడవలు, ఇప్పుడలా లేదు అంటారేమో. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. ఐపీసీసీ ఆరో నివేదిక రచయితల్లో 44 శాతం మంది అభివృద్ధి చెందుతున్న దేశాలు, వాటితోపాటు పరివర్తనలో ఉన్న దేశాల నుంచే వచ్చారు. కుర్చీలు దొరికాయి. కానీ భూమి ఉష్ణోగ్రతని ఒకటిన్నర డిగ్రీల దగ్గర ఆపాలంటే ఎవరు ఎప్పుడు ఎంత తగ్గించాలో చెప్పే దృశ్యచిత్రాలు తయారయ్యేది కంప్యూటర్ నమూనాల్లో. వాటిలో పేరున్నవి చాలావరకు వియన్నా దగ్గర, పాట్స్‌డామ్‌లో, నెదర్లాండ్స్‌లో, అమెరికాలో, జపాన్‌లో పుట్టినవి. ఆ నమూనాలకు ఒకటే లక్ష్యం: మొత్తం మీద తక్కువ ఖర్చులో పని కావాలి. తక్కువ ఖర్చు ఎక్కడ? పేద దేశంలో. అక్కడ కూలి చవక, భూమి చవక, ఇంకా కట్టని ఫ్యాక్టరీని కట్టకుండా ఆపడం మరీ చవక.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. మామూలు లెక్క ప్రకారం వంద రూపాయలు ఉన్నవాడికంటే లేనివాడికి ఎక్కువ సుఖాన్నిస్తాయి. కాబట్టి నమూనాని దాని మానాన దాన్ని వదిలేస్తే అది ధనిక దేశాల డబ్బు తీసి పేద దేశాలకు పంచేయమంటుంది! నమూనా వేసినవాళ్లకు అది ఇబ్బంది. అందుకని వీటిలో కొన్ని నమూనాలు నెగిషి తూకాలు వాడతాయి, ఆ పేరు జపాన్ ఆర్థికవేత్త తకాషి నెగిషిది. ఆ తూకాలు వేశాక ఉన్నవాడి సుఖానికి బరువు పెరుగుతుంది, లేనివాడి సుఖానికి తగ్గుతుంది, పంపకం ఊసు మాయమవుతుంది. పంక్తిలో ఇప్పటికే నిండిన విస్తరి ముందు గరిటె ఎక్కువసేపు ఆగేలా ముందే ఏర్పాటు చేసుకోవడం అన్నమాట. వంట లెక్క పక్కాగా ఉంటుంది, గిన్నెలో గింజ కూడా వృథా పోదు.

మన దేశపు పరిశోధకులు తేజల్ కానిట్కర్, టి. జయరామన్‌ల బృందం ఆరో నివేదికలోని 556 దృశ్యచిత్రాలని విప్పి చూసింది. దక్షిణాసియా, సహారా దిగువ ఆఫ్రికా, పశ్చిమాసియా, ఆసియాలో మిగిలిన భాగం కలిపితే ప్రపంచ జనాభాలో 60 శాతం. 2050కి కూడా వీళ్ల తలసరి ఆదాయం ప్రపంచ సగటు కంటే తక్కువే ఉంటుందని ఆ లెక్కల్లో తేలింది. భూమిని కాపాడే దారులుగా చూపించిన వాటిలో పేదరికం ముందే పోసిన పునాది. ఇది ఎవరూ తీర్మానం చేసి చెప్పలేదు, వేల వరసల డేటాలో ఉంది. వెతికితే కనపడింది. వెతికినవాళ్లు ఎవరో గమనించారా? వరిచేల మీథేన్ దగ్గరా అంతే, ఇక్కడా అంతే. కాలువ మొదట్లో కట్టిన లెక్కని శివారువాడు మళ్లీ తన ఖర్చుతో కొలుచుకోవాలి.

ఇంతదాకా చదివి "శభాష్, బాగా కడిగావు" అనుకునేవాళ్లకు ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

ఎనిమిదేళ్ల కింద అనంతపురం వైపు ఒక సోలార్ పార్కు చుట్టుపక్కల ఊళ్లల్లో సర్వే చేశాం. ఏ సంస్థ తరఫునో చెప్పను. ప్రశ్నావళి ఇంగ్లీషులో వచ్చింది, తెలుగు చేసింది నేనే. మూడో విభాగంలో "మీకు సొంత భూమి ఎన్ని ఎకరాలు?" అని ప్రశ్న. దానికింద చిన్న అక్షరాల్లో సూచన: సున్నా అయితే 9వ విభాగానికి వెళ్లండి. నాలుగు నుంచి ఎనిమిది దాకా విభాగాలన్నీ భూమి గురించే. అమ్మారా, లీజుకిచ్చారా, డబ్బెంతొచ్చింది, దాంతో ఏం చేశారు. నాకు అప్పుడు అందులో ఏ తప్పూ కనపడలేదు. భూమి లేనివాణ్ని భూమి గురించి అడిగి విసిగించడం ఎందుకు అనుకున్నాను కూడా.

ఒక మధ్యాహ్నం చింతచెట్టు కింద ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. పేరు, వయసు, ఇంట్లో ఎందరు, భూమి. "యాడుందప్పా నాకు భూమి?" సున్నా. తొమ్మిదో విభాగం. రేషన్ కార్డు ఉందా, గ్యాస్ ఉందా, సంతకం లేదా వేలిముద్ర. నాలుగు నిమిషాల్లో లేచాను. ఆవిడ కదల్లేదు.

"ఏమప్పా, అప్పుడే అయిపాయనా? ఆ మిద్దింటోళ్ల కాడ పొద్దుగూకేదాకా రాస్తివంట గదా."

ఏం చెప్పాలో తెలియక "అంతేనమ్మా, మీకు ఇంతే ఉంది" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆవిడే చెప్పుకుంటూ పోయింది. బుడ్డల సేన్లల్లో, అంటే వేరుశనగ చేలల్లో, కలుపు, పీకేది, వలిచేది అన్నీ కలిపి ఏడాదిలో ఎన్నో నెలల కూలి ఉండేదట. భూములు పార్కులోకి పోయాక భూమిగలోళ్లకు డబ్బులొచ్చాయి, కంచె పడింది, కూలి పోయింది. గొర్రెలవాళ్లు మేపుకి చుట్టూ తిరిగి పోవాలి. "ఆ అద్దాలు తుడిసేకి పదిమందిని పిలుస్తారు. అదీ వయసుండేవాళ్లనే." నేను నిలబడే వింటున్నాను. నా చేతిలో కాగితం మీద వాటికి గడి లేదు.

నివేదిక వచ్చింది. కుటుంబాల సగటు ఆదాయం పెరిగిందని తేలింది. తప్పుడు అంకె కాదది, మేం వేసిన ప్రశ్నలకు వచ్చిన సరైన జవాబు. అమెరికావాడు తన చేను కొలిచి మన చేను మీద గుణించాడని ఇంత ఎగిరెగిరి పడ్డాను కదా. నేను మిద్దింటి కొలత తీసి చింతచెట్టు కింద గుణించాను.

పావగడ సంగతి చాలామందికి తెలుసు. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో, మన సరిహద్దుకి ఆనుకుని తెలుగు బాగా వినిపించే తాలూకా. అక్కడ సోలార్ పార్కు కోసం 13 వేల ఎకరాలు కొనకుండా లీజుకి తీసుకున్నారు, ఎకరాకి ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి పెంపు. భూమి రైతు పేరుమీదే ఉంటుంది కాబట్టి దీన్ని ఆదర్శమని దేశమంతా చెప్పుకున్నారు. వరస కరువులు చూసిన రైతుకి అది మంచి బేరమే, నేను కాదనను. కానీ లీజు డబ్బు ఎకరాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఎకరం లేనివాడి ఇల్లు దానికి కనపడదు.

ఇక్కడే రెండు వైపుల నుంచీ నన్ను తిడతారు. ఒక వర్గం అంటుంది: న్యాయం న్యాయం అంటూ కూర్చుంటే భూమి కాలిపోతుంది, ముందు ఉద్గారాలు తగ్గనీ. వీళ్లకు నేను చెప్పేది ఓజోన్ కథ. 1987లో ఓజోన్ పొరని తినేసే రసాయనాలు ఆపడానికి మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్, చైనా చేరలేదు. మార్పుకయ్యే ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చమన్నాయి. 1990లో లండన్‌లో దానికోసం ఒక నిధి పెట్టారు. 1991లో చైనా, 1992లో భారత్ చేరాయి. ఓజోన్ పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. వంతు తేలాకే పని నడిచింది. వాతావరణం విషయంలో 2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు పేద దేశాలకు ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు 2020కల్లా ఇస్తామన్నారు, ఆ గడువుకి ఇవ్వలేదు. 2024లో బాకూలో 2035కి ఏడాదికి 30 వేల కోట్లు అన్నారు. బల్ల మీద సుత్తి కొట్టేశాక మన ప్రతినిధి చాందినీ రైనా లేచి ఇది మాకు సమ్మతం కాదని చెప్పాల్సి వచ్చింది. ఆలస్యానికి న్యాయమే కారణమని నన్నెవరూ ఒప్పించలేరు.

రెండో వర్గం మనవాళ్లే. ప్రపంచ జనాభాలో ఆరో వంతు మనం, ఇప్పటిదాకా గాల్లో పేరుకున్న కార్బన్‌లో మన పాలు నాలుగు శాతం లోపే, తలసరి ఏడాదికి రెండు టన్నుల చుట్టూ, అమెరికావాడిది దానికి ఏడు రెట్లు, కాబట్టి మమ్మల్నేం అడక్కండి అంటారు. అంకెలన్నీ నిజమే. బయటివాడితో మాట్లాడేటప్పుడు ఈ వాదన అక్షరాలా సరైనదని నా నమ్మకం. చిక్కల్లా ఆ రెండు టన్నుల దగ్గర. అది ఎవరి రెండు టన్నులు? 2007లో గ్రీన్‌పీస్ ఇండియా ఇదే అడిగింది, పేదవాడి వెనక దాక్కుంటున్నారని. మాదాపూర్‌లో నా ఫ్లాట్‌లో రెండు ఏసీలు, ఒక గీజర్, ఏడాదికి నాలుగైదు విమానాలు. ఆ చింతచెట్టు కింది పెద్దావిడ వాడకంతో కలిపి సగటు తీస్తే నేను కూడా పర్యావరణ మిత్రుణ్నే! అగర్వాల్, నారాయణ్‌లు చెప్పిన తక్కెడ ఉంది చూశారూ, బతుకుదెరువు ఒకవైపు, భోగం ఒకవైపు. దాన్ని దేశ సరిహద్దు దగ్గర ఆపెయ్యమని ఎక్కడా రాసిలేదు. మన పరిశోధన సంస్థలు చాలావరకు ఆపేస్తాయి. ఢిల్లీ నుంచి జెనీవాకి వెళ్లే కాగితంలో న్యాయం నిలువెత్తు ఉంటుంది. ఢిల్లీ నుంచి మండలానికి వచ్చే ప్రశ్నావళిలో సున్నా అయితే తొమ్మిదో విభాగం.

ఆ సర్వే తర్వాత నేను ఒక పని పెట్టుకున్నాను. ఏ ప్రశ్నావళి చేతికొచ్చినా ముందు దాటవేసే సూచనలన్నీ విడిగా రాసుకుంటాను. ఎవరు ఎన్ని ప్రశ్నలకు బయటపడిపోతున్నారో లెక్కేస్తాను. పైవాళ్లు విసుక్కుంటారు. ఒక్కో ఇంటికి పావుగంట పెరుగుతుంది, బడ్జెట్ పెరుగుతుంది. కొన్నిసార్లు గెలుస్తాను, ఎక్కువసార్లు ఓడిపోతాను. అయినా నేనేమీ మారిపోయానని చెప్పుకోలేను. ఈ వ్యాసమే చూడండి. మొదట్నుంచీ బాబాయి చేను, బాబాయి చేను అంటూ వచ్చాను. ఆ చేలో బాబాయి దిగి పదకొండేళ్లయింది. మోకాళ్లు పోయాక కౌలుకిచ్చాడు. దమ్ము చేయించేది, ఊడ్పించేది, వంతు రోజు రాత్రి లాంతరు పట్టుకుని బోదె వెంట తిరిగేది, ఎరువుల కొట్లో అప్పు పెట్టేది అన్నీ కౌలు రైతు. ఎకరాకి ఇన్ని బస్తాలని మక్తా కొలుస్తాడు. చేను ఆరబెడితే కలుపు పెరుగుతుంది, ఆ కూలి ఖర్చూ ఆయనదే. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాస్‌బుక్కు ఆయన పేరు మీద లేదు కదా.

"ఒకవేళ ఆ డబ్బులొచ్చుంటే ఎవరికి బాబాయ్?" అన్నాను.

"పాస్‌బుక్కు నాది కదరా," అన్నాడు. కాసేపాగి, "ఏదో కొంత ఇచ్చేవాణ్నిలే," అన్నాడు.

అప్పటికి కౌలు రైతు పార భుజాన వేసుకుని గట్టు మీదికి వచ్చాడు. ఆ రాత్రి వంతు ఉంది. గొట్టం వైపు చూపించి, "తీసేద్దామాండి ఇది? కలుపు తీసే ఆడోళ్ల కాళ్లకి తగులుతుందండి," అన్నాడు.

"ఉండనీలే," అన్నాడు బాబాయి. "మళ్లీ వస్తారేమో."

ఆయన సరేనండి అని చేలోకి దిగాడు. గొట్టం ఒక పక్కకి ఒరిగి ఉంటే నిలబెట్టి, చుట్టూ బురద కాలితో నొక్కాడు. కప్ప బయటికి గెంతింది. ఇంకా వెలుతురు ఉండగానే తూము చూసుకోవాలని కాలువ వైపు వెళ్లిపోయాడు.